చేసి చూడమనే పుస్తకాల కథ

ఒక పళ్లెం. అందులో వేలెడు లోతున నీళ్లు. నీళ్ల మధ్య నిలబెట్టిన కొవ్వొత్తి. దాని మీద బోర్లించడానికి ఒక గాజు గ్లాసు. ఈ బొమ్మను మీరు ఎక్కడో ఒకచోట తప్పక చూసి ఉంటారు. ‘మీరే చేసి చూడండి’ అంటూ పిల్లల కోసం వచ్చే పుస్తకాల్లో ఈ ప్రయోగం లేనిది అరుదు. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే కాసేపటికి అది ఆరిపోతుంది. గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. ఎంత ఎక్కుతాయి? అయిదో వంతు అంటుంది పుస్తకం. ఎందుకు? గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ ఉంది, అదంతా మంటకు ఖర్చయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి అంటుంది.

నేను చదువుకునే రోజుల్లో ఈ ప్రయోగం చేశాను. స్కేలుతో కొలిస్తే నాకు నీళ్లు పదో వంతు కూడా ఎక్కలేదు. నా పక్కవాడికి దాదాపు మూడో వంతు ఎక్కాయి. రికార్డు పుస్తకంలో మాత్రం ఇద్దరం ‘అయిదో వంతు’ అనే రాశాం. ఇద్దరికీ ‘గుడ్’ పడింది. పుస్తకం తప్పు చెబుతుందన్న ఆలోచన మాకు రాలేదు. మా చేతులే సరిగా లేవనుకున్నాం.

తప్పు పుస్తకానిదే. గాలిలో ఆక్సిజన్ 21 శాతం వరకు ఉంటుంది. అది 16 శాతం దగ్గరకు దిగేసరికే మామూలు కొవ్వొత్తి ఆరిపోతుంది. అంటే గ్లాసులో ఆక్సిజన్ ఇంకా చాలానే మిగిలి ఉంటుంది. పైగా ఖర్చయిన ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది. మైనం మండినప్పుడు పోయిన ఆక్సిజన్ పరిమాణంలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ వాయువే తిరిగి నింపుతుంది. మరి నీళ్లు ఎందుకు ఎక్కాయి? మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి, గ్లాసు బోర్లించేటప్పుడే కొంత బయటికి పోతుంది. కొన్నిసార్లు అంచు కింద నుంచి బుడగలు రావడం కంటికి కనిపిస్తుంది కూడా. మంట ఆరాక లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీటిని లోపలికి నెడుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక కొవ్వొత్తికి బదులు రెండు, మూడు పెట్టి చూడండి. గ్లాసు అదే, అందులోని ఆక్సిజన్ అంతే. అయినా నీళ్లు ముందటికంటే ఎక్కువ ఎక్కుతాయి. (మందపాటి గ్లాసు వాడండి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి.)

ఇంత చిన్న పరీక్ష, ఆ పుస్తకం రాసినవారు గానీ, అచ్చువేసినవారు గానీ, బడికి కొన్నవారు గానీ చేయలేదు. ఒకరి పుస్తకం నుంచి మరొకరు ఎత్తి రాసుకుంటూ వచ్చారు. అందుకే బడి బీరువాలోకి ‘చేసి చూడు’ పుస్తకాలు ఎంపిక చేసే ఉపాధ్యాయులతో, పిల్లలకు కొనిపెట్టే తల్లిదండ్రులతో కొంచెం మాట్లాడాలనిపించింది. ఈ రకం పుస్తకానికి మిగతా పుస్తకాలకు లేని ఒక గుణం ఉంది. కథ చదివిన పిల్లవాడికి అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే మనం ప్రశ్నలడగాలి. గాలిపటం ఎలా కట్టాలో చదివిన పిల్లవాడిని మనం అడగనక్కరలేదు. గాలిపటం ఎగిరితే చదివినట్టే. ఎగరకపోతే వెనక్కి వెళ్లి ఏ వాక్యం దాటేశాడో వాడే వెతుక్కుంటాడు. చదువును చేతిలోని వస్తువే సరిచూస్తుంది. అయితే ఇదంతా పుస్తకం నిజం చెబుతున్నప్పుడే. పుస్తకం అబద్ధమైతే పిల్లవాడు నేర్చుకునేది నేను నేర్చుకున్నదే: వచ్చింది ఒకటి, రాసేది ఇంకొకటి.

మంచి పుస్తకాలు ఎలా పుట్టాయో చూస్తే, దేన్ని కొనాలో కొంతవరకు తెలుస్తుంది.

బైండింగు కుర్రాడు

మైకేల్ ఫారడే 1791లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. 1805లో, పద్నాలుగేళ్ల వయసులో, లండన్‌లోని ఒక పుస్తకాల బైండింగు దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టడంతో ఆగకుండా చదివేవాడు. అలా చేతికి వచ్చినవాటిలో ఒకటి రసాయన శాస్త్రం గురించిన సంభాషణల పుస్తకం. శ్రీమతి బి. అనే ఉపాధ్యాయిని, కారొలిన్, ఎమిలీ అనే ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకుంటూ, ప్రయోగాలు చేసుకుంటూ పోతారు. 1806 నాటి మొదటి కూర్పు మీద రచయిత పేరు లేదు. రాసినది జేన్ మార్సెట్ అనే గృహిణి. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, అర్థం కానివాటిని ఇంటి దగ్గర మాట్లాడుకుని, ప్రయోగం చేసుకుని అర్థం చేసుకున్న మనిషి ఆమె. కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా కొత్తగా తెలిసిన సంగతులు చేరుస్తూ పోయింది.

ఆ పుస్తకం చదివిన కుర్రాడు ఏం చేశాడన్నది మనకు ముఖ్యం. తన కొద్దిపాటి డబ్బుతో చేయగలిగిన చిన్న చిన్న ప్రయోగాలతో అందులో రాసినవి సరిచూశాడు. అవి నిజమని తేలింది. అప్పుడు ఆ పుస్తకాన్ని నమ్మాడు. 1858లో మార్సెట్ చనిపోయాక, అప్పటికి యూరప్ అంతా పేరు తెలిసిన శాస్త్రజ్ఞుడిగా ఫారడే ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. ఆ పుస్తకంలో మన కొవ్వొత్తి లాంటి ప్రయోగాలు నాలుగు ఉండి, అవి ఆ కుర్రాడి చేతిలో తప్పి ఉంటే? ఊహించడం కష్టం, కానీ ఆలోచించదగ్గ సంగతే.

1860 క్రిస్మస్ సెలవుల్లో అదే ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. విషయం ఒక్కటే, కొవ్వొత్తి. వాటిని విలియం క్రూక్స్ సంపాదకత్వంలో 1861లో పుస్తకంగా వేశారు. మంట మధ్యలో నల్లగా కనిపించే చోట వంచిన గాజు గొట్టం పెట్టి, గొట్టం రెండో కొస నుంచి వచ్చే మైనపు ఆవిరిని వెలిగించి చూపాడు ఫారడే. మండుతున్నది గట్టి మైనం కాదు, దాని ఆవిరి అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మళ్లీ కొవ్వొత్తి దగ్గరికే వద్దాం, కొంచెం తరువాత.

మద్రాసులో మడిచిన కాగితం

మంచి పుస్తకం అంటే ఖరీదైన సామాను అడిగే పుస్తకం అనే భ్రమ మనలో చాలామందికి ఉంది. దానికి జవాబు మన దగ్గరే, 1893లోనే అచ్చయింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో (కోస్తా, రాయలసీమ జిల్లాలు దానిలో భాగమే) టి. సుందరరావు అనే ప్రభుత్వోద్యోగి కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే ఒక పుస్తకం ఇంగ్లీషులో రాసి మద్రాసులో ప్రచురించాడు. ఫ్రోబెల్ కిండర్‌గార్టెన్ పద్ధతిలో పిల్లలకు ఇచ్చే ‘కానుక’ల్లో కాగితం మడతలు ఒకటి. సుందరరావుకు ఆలోచన అక్కడ తట్టింది. సామాను? కాగితం, ఒక చిన్న చాకు, సమానమైన పొడవులు గుర్తించడానికి నాలుగు కాగితపు ముక్కలు. వృత్తలేఖిని లేదు, కోణమానిని లేదు.

పుస్తకం మొదలయ్యే తీరు చూడండి. చేతిలో వంకరటింకర కాగితం ఉంది. దాన్ని ఒకసారి మడిచి నొక్కితే సరళరేఖ వచ్చింది. ఆ రేఖ తన మీద తాను పడేలా మళ్లీ మడిస్తే లంబకోణం వచ్చింది. అక్కడి నుంచి చతురస్రం, సమబాహు త్రిభుజం, పంచభుజి. పోనుపోను శ్రేఢులు, శంకుచ్ఛేదాలు. మధ్యలో ఎక్కడా ‘ఇప్పుడు మీ దగ్గరున్న చతురస్రాకారపు కాగితం తీసుకోండి’ అని పిల్లవాడికి చెయ్యిచ్చి పోలేదు. చతురస్రం కావాలా, ముందు దాన్నే చేసుకోమన్నాడు. జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ 1895లో తన పుస్తకంలో దీన్ని ప్రస్తావించడంతో ఇది అమెరికా దాకా వెళ్లింది. 1901లో షికాగోలో వచ్చిన కూర్పులో గీసిన పటాలకు బదులు నిజంగా మడిచిన కాగితాల ఫోటోలు వేశారు. ఆ పని చేయాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఒక్కొక్కటీ మడవక తప్పదు కదా! నాకు ఆ కూర్పు మీద గౌరవం అందుకే.

బొమ్మల మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. కాగితం ఎటు మడవాలో మాటల్లో చెప్పబోతే పెద్దవాళ్లమే తికమకపడతాం. జపాన్ ఒరిగామి కళాకారుడు అకిరా యోషిజావా 1954లో ఒక పుస్తకంలో దీనికి గుర్తులు ఏర్పరచాడు. లోపలికి మడతకు ఒక రకం గీత, బయటికి మడతకు మరొక రకం, కదలికకు బాణం. 1961లో శామ్యూల్ రాండ్లెట్ వాటిని ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేశాడు. ఇప్పుడు ప్రపంచంలో ఏ మూల అచ్చయిన ఒరిగామి పుస్తకమైనా, భాష రాకపోయినా, ఆ గీతలు చూసి మడవవచ్చు. మీరు కొనబోయే పుస్తకంలో బొమ్మలు ఈ పని చేస్తున్నాయా, లేక నవ్వుతున్న పిల్లల ముఖాలు మాత్రమే ఉన్నాయా చూడండి. ముఖాలు అందంగానే ఉంటాయి. చెయ్యి ఎక్కడ పట్టాలో అవి చెప్పవు.

బాంబులు కూల్చిన ప్రయోగశాలలు

రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లోనూ ఇతర చోట్లా ఎన్నో బడులతోపాటు వాటి ప్రయోగశాలలూ నేలమట్టమయ్యాయి. యుద్ధం ముగిశాక బడులు తెరుచుకున్నాయి గానీ, విజ్ఞాన శాస్త్రం చెప్పడానికి గాజు నాళిక కూడా లేదు. అప్పుడు లండన్‌లో జె.పి. స్టీఫెన్సన్ అనే ఉపాధ్యాయుడు, విధ్వంసానికి గురైన దేశాల సైన్సు ఉపాధ్యాయులకు సూచనలంటూ ఒక చిన్న పుస్తకం తయారుచేశాడు. యునెస్కో దాన్ని 1948లో ప్రచురించింది. డబ్బాలు, సీసాలు, తీగ ముక్కలు, సీసా మూతలు వంటివాటితో పరికరాలు ఎలా చేసుకోవాలో అందులో ఉంది.

తరువాత ఎవరూ అనుకోనిది జరిగింది. ఆ పుస్తకం బాంబులు పడిన దేశాలకంటే, అసలు ఎన్నడూ ప్రయోగశాల అంటూ ఎరుగని దేశాల్లో ఎక్కువ ఉపయోగపడింది. కూలిపోయిన ప్రయోగశాలకూ, ఎప్పుడూ లేని ప్రయోగశాలకూ అవసరం ఒకటే. దాన్ని పెంచి 1956లో యునెస్కో సైన్సు బోధనకు ఒక ఆకర గ్రంథంగా తెచ్చింది. అది అనేక భాషల్లోకి వెళ్లింది. 1973లో కొత్త కూర్పు వచ్చింది. ఆ తరువాత వచ్చిన చవక ప్రయోగాల పుస్తకాల్లో చాలావాటికి, చెప్పుకున్నా చెప్పుకోకపోయినా, ఇదే తల్లివేరు.

అయినా నా ఫిర్యాదు ఒకటుంది. అది ఉపాధ్యాయుల కోసం రాసిన పుస్తకం. దాన్ని కుదించి, రంగు అట్ట వేసి ‘పిల్లల కోసం’ అని అమ్మే పుస్తకాలు తరువాత లెక్కలేనన్ని వచ్చాయి. ఉపాధ్యాయుడికి అరవాక్యం చాలు. పదేళ్ల పిల్లకు ఆ అరవాక్యంలో మూడు పనులు దాక్కుని ఉంటాయి. ‘గొట్టాన్ని వేడిచేసి వంచండి’ అని ఒక్క ముక్కలో రాసిన పేజీని పిల్లల చేతికి ఇవ్వకండి.

తుమ్మ ముల్లు

పుస్తకాన్ని ముందుగా బడిలో చేయించి చూసి, ఆ తరువాత అచ్చువేయడం పెద్ద ఎత్తున మన దేశంలోనే జరిగింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (2022 నుంచి నర్మదాపురం) కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక ప్రయత్నం మొదలుపెట్టాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు విజ్ఞాన శాస్త్రం చదివించడం కాదు, చేయించడం. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ నుంచీ, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచీ శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు వచ్చి పల్లెటూరి ఉపాధ్యాయులతో కలిసి నేల మీద కూర్చుని పనిచేశారు. 1978లో ఇది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982లో దీన్ని ముందుకు నడపడానికి ‘ఏకలవ్య’ సంస్థ ఏర్పడింది.

వారి పాఠ్యపుస్తకం పేరు ‘బాల్ వైజ్ఞానిక్’. అందులో జవాబులు ఉండవు! ఏం చేయాలో ఉంటుంది, ఏం చూడాలో అడుగుతుంది, పూరించడానికి ఖాళీ పట్టిక ఉంటుంది. నలుగురేసి పిల్లలు ఒక జట్టు. చేసి, చూసి, తమకు వచ్చిందే రాయాలి. జట్లన్నీ తమ తమ అంకెలు చెప్పుకున్నాక, తేడాలు ఎందుకు వచ్చాయో తరగతి అంతా చర్చించాలి. పరీక్షకు పుస్తకం తీసుకుని వెళ్లవచ్చు. ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. నా రికార్డులోని ‘అయిదో వంతు’ ఆ బడుల్లో పుట్టే అవకాశమే లేదు, ఎత్తి రాయడానికి అక్కడ అంకె అచ్చయి ఉంటే కదా!

ఈ పుస్తకం ఒక్కసారిగా రాసింది కాదు. వేసవిలో ఉపాధ్యాయుల శిక్షణ, నెలనెలా సమావేశం, మధ్యలో బడులకు వెళ్లి చూడటం జరిగేవి. ఏ ప్రయోగం ఎక్కడ చెడింది, ఏ వాక్యాన్ని పిల్లలు మరోలా అర్థం చేసుకున్నారు అన్నవి అక్కడ తేలేవి. పిల్లలకు అర్థం కాకపోతే మారాల్సింది వాక్యం, పిల్లలు కాదు అన్నది వారి పద్ధతి. వస్తువుల విషయమూ అంతే. పువ్వును విప్పి భాగాలు చూడాలంటే ప్రయోగశాలలో లోహపు సూదులు వాడతారు. పల్లె బడిలో ఆ సూది పోతే మళ్లీ ఎవరు తెస్తారు? బడి బయట తుమ్మ చెట్టు ఉంది. తుమ్మ ముల్లు సూదికంటే ఏం తక్కువ? పొడవుగా, వాడిగా, పోతే ఇంకొకటి. ఆ ముల్లే అక్కడి పిల్లల పరికరమైంది. దాన్ని పేదవాడి సర్దుబాటు అనుకునేవారుంటే, నేను ఒప్పుకోను.

1978లోనే అక్కడికి అరవింద్ గుప్తా అనే యువ ఇంజనీరు వచ్చాడు. కాన్పూర్ ఐఐటీలో చదివి లారీల కర్మాగారంలో పనిచేస్తూ, సెలవు పెట్టి వచ్చినవాడు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టడం అతని చేతుల్లో అక్కడే రూపుదిద్దుకుంది. మూడు పుల్లలతో త్రిభుజం కట్టి నొక్కండి, కదలదు. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి నొక్కండి, ఒరిగిపోతుంది. అందులో ఒక మూల నుంచి ఎదుటి మూలకు పొడవైన పుల్ల ఒకటి అడ్డంగా వేస్తే మళ్లీ బిగిసిపోతుంది. రైలు వంతెనలోనూ, కరెంటు స్తంభాల టవరులోనూ అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో ఇక మీరు చెప్పనక్కరలేదు. ఈ నమూనాల పుస్తకం 1987లో వచ్చి అనేక భారతీయ భాషల్లోకి వెళ్లింది.

పిల్లలు తమ ప్రశ్నలను ‘సవాలీరామ్’ అనే పేరుకు ఉత్తరాలు రాస్తే జవాబులు వచ్చేవి. 1985లో ఏకలవ్య ‘చక్‌మక్’ అనే పిల్లల పత్రిక మొదలుపెట్టింది. మన జనవిజ్ఞాన వేదిక పిల్లల పత్రిక పేరు ‘చెకుముకి’. రెండు మాటలకూ అర్థం ఒకటే, నిప్పు పుట్టించే రాయి. రాయి ఊరికే మండదు, కొట్టాలి.

2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం హోషంగాబాద్ కార్యక్రమాన్ని మూసివేసింది. అప్పటికి అది ఆ రాష్ట్రంలోని అనేక జిల్లాల బడులకు చేరింది. ముప్పై ఏళ్ల పాటు పిల్లల చేతుల్లో సరిచూసుకుంటూ వచ్చిన పుస్తకాలు బడుల నుంచి తప్పుకున్నాయి. ఆ నిర్ణయం మీద అప్పట్లో పెద్ద వాదమే నడిచింది. నా మటుకు నేను దాన్ని పెద్ద నష్టంగానే లెక్కవేస్తాను.

తాళం పడిన బీరువా

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైంది. ప్రాథమిక పాఠశాలలకు గదులు, ఉపాధ్యాయులతోపాటు బోధన సామగ్రి ఇవ్వాలన్నది ఉద్దేశం. అందులో సైన్సు కిట్టు, చిన్న పనిముట్ల పెట్టె, లైబ్రరీ పుస్తకాలు ఉన్నాయి. ఆలోచన మంచిది. కానీ చాలా బడుల్లో ఆ పెట్టె పగులుతుందేమో, పోతుందేమో, తనిఖీలో లెక్క తప్పుతుందేమో అన్న భయంతో బీరువాలోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో పనిచేసిన ఉపాధ్యాయులను అడిగి చూడండి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో కూడా చెబుతారు.

దీన్ని ఉపాధ్యాయుల బద్ధకం అనడం అన్యాయం. పోతే తెచ్చుకోలేని వస్తువును ఎవరైనా దాచుకుంటారు. కాబట్టి పుస్తకం కొనేముందు అందులోని సామాను జాబితా తీసి, మీ ఊరి కిరాణా కొట్టుకూ, సైకిలు షాపుకూ, మందుల దుకాణానికీ వెళ్లి చూడండి. అక్కడ దొరకనిది ఉంటే, దానికి బదులు ఏం వాడాలో పుస్తకం చెప్పిందా? చెప్పకపోతే ఆ ప్రయోగం మీ బడిలో జరగదు. ఆ పేజీ ఉన్నా లేనట్టే.

ఎలా తయారవుతుంది?

ఇంతవరకు చెప్పుకున్నవి చేతితో చేసే పుస్తకాలు. రెండో రకం ఉంది. బెల్లం ఎలా తయారవుతుంది, కాగితం ఎలా తయారవుతుంది, బొమ్మ ఎలా తయారవుతుంది అని చెప్పేవి. వీటిని పిల్లవాడు ఇంట్లో చేసి సరిచూసుకోలేడు. కనుక ఎంపికలో ఇవి మరీ కష్టం. ఫారడే కొవ్వొత్తి దగ్గరికి మళ్లీ వస్తానన్నది ఇందుకే. ఆయన మొదటి ఉపన్యాసం మంటతో మొదలుకాలేదు. కొవ్వొత్తులు దేనితో చేస్తారు, వత్తిని కొవ్వులో ముంచి ముంచి ఎలా చేస్తారు, అచ్చుల్లో ఎలా పోస్తారు అన్న తయారీతో మొదలైంది. తయారీ నుంచి ‘ఎందుకు’కు, అక్కడి నుంచి ప్రయోగానికి నడిచాడు. సోవియట్ రష్యాలో 1920ల చివర పిల్లలకు గడియారాలు, దీపాలు, రాతల చరిత్ర రాసిన ఎం. ఇలీన్ కూడా ఇదే దారి పట్టాడు. ఇలీన్ అనేది కలం పేరు. అసలు పేరు ఇల్యా మార్షక్, వృత్తిరీత్యా రసాయన ఇంజనీరు. దీపం గురించి చెప్పేటప్పుడు ముందటి దీపంతో వచ్చిన చిక్కు ఏమిటో చెప్పకుండా కొత్త దీపానికి వెళ్లడు.

మనకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. అనకాపల్లి బెల్లం. ‘చెరకు రసం తీస్తారు, కాస్తారు, సున్నపు తేట కలుపుతారు, మడ్డి తీస్తారు, అచ్చుల్లో పోస్తారు’ అని రాస్తే అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ సున్నపు తేట ఎందుకు? చెరకు రసానికి కొంత పులుపు గుణం ఉంటుంది. ఆ పులుపుతో కాస్తే చక్కెరలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. అలా విడిపోయింది ఎక్కువైతే బెల్లం గట్టిపడదు, జిగటగా పాకంలా ఉండిపోతుంది. సున్నం ఆ పులుపును తగ్గిస్తుంది. మలినాలు మడ్డిగా పైకి తేలడానికీ తోడ్పడుతుంది. ఈ నాలుగు వాక్యాలు ఉన్న పుస్తకం చదివిన పిల్లవాడు గానుగ దగ్గర నిలబడితే ప్రశ్న అడుగుతాడు. లేని పుస్తకం చదివినవాడు అయిదు మెట్లు వల్లించి పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాడు.

కొండపల్లి బొమ్మలూ అంతే. తెల్ల పొణికి చెక్కనే ఎందుకు వాడతారు? తేలికగా, మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. చెక్కను సన్నని సెగ మీద ఆరబెట్టడం దేనికి? తడి ఉంటే తరువాత చీలుతుంది. కాళ్లు చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. తయారీ పుస్తకం చేతికి వస్తే నేను ముందుగా వెతికేది ఒక్కటే. ఈ మెట్టు వదిలేస్తే ఏం చెడుతుందో ఎక్కడైనా చెప్పాడా? ఒక్కచోటైనా చెప్పి ఉంటే, రాసినవాడు పని జరిగే చోటికి వెళ్లి, చేసేవారిని అడిగి రాశాడని అర్థం. మెట్లు వరుసగా, నున్నగా, ఏ చిక్కూ లేకుండా సాగిపోతే ఇంకో పుస్తకంలోంచి దిగుమతి అయిందేమోనని అనుమానించండి. ఆ అనుమానం తీర్చగలవారు చాలా ఊళ్లలో ఉన్నారు. కుమ్మరో, నేతగాడో, మీ తరగతిలోని ఏ పిల్ల తండ్రో అయి ఉంటాడు. పుస్తకం కొనకముందు ఆయనకు ఆ రెండు పేజీలు చదివి వినిపించండి. ఇంత సులువుగా దొరికే నిపుణుడిని మనం ఎందుకు అడగమో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక మిగిలింది చివరి పరీక్ష. పుస్తకంలో ఒక ప్రయోగం మీరు స్వయంగా చేయండి, అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా, మీకు తెలిసింది కలపకుండా. అది సరిగా వస్తే, నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయినో అబ్బాయినో పిలిచి, పుస్తకమూ సామానూ ముందు పెట్టి, మీరు కొంచెం దూరంగా కూర్చోండి. సాయం చేయాలని ప్రాణం లాగుతుంది, చేయకండి. చదువుతూ చేస్తున్న ఆ వేలు ఒక వాక్యం దగ్గర ఆగుతుంది, వెనక్కి వెళుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ వాక్యం పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి. పేజీకి ఒకటి రెండు గీతలు పడితే, మీరు పక్కనుంటే చాలు, ఆ పుస్తకం కొనవచ్చు. పేజీ నిండా గీతలే అయితే పుస్తకాన్ని అంగడికి తిప్పి పంపండి. ఆ పిల్లకు మాత్రం, పొరపాటు తనది కాదని, పుస్తకం అలా రాశారని చెప్పి పంపండి.